డైవింగ్ లైటుకు ఏ సెల్లు వేయాలి? సముద్రానికి దూరంగా, ఎండకు దగ్గరగా ఉండేవారి కోసం

ప్రయాణానికి ఇంకా రెండు రోజులుందనగా బీరువా పై అరలోంచి డైవింగ్ లైటు తీసి స్విచ్చి తిప్పాను. వెలగలేదు. వెనక మూత విప్పబోతే బిగుసుకుపోయి ఉంది. గుడ్డ చుట్టి గట్టిగా తిప్పితే ఎట్టకేలకు వచ్చింది, దానితోపాటే తెల్లటి పొడి చేతిమీద రాలింది. లోపల నాలుగు ఆల్కలైన్ సెల్లులు. రెండింటి అడుగున సున్నం పట్టినట్టు పెచ్చులు కట్టాయి. స్ప్రింగు పచ్చగా మారి, వేలు తగలగానే పుటుక్కున విరిగింది. సెల్లుల మీద ముద్రించిన గడువు మాత్రం ఇంకా మూడేళ్లుంది.

ఆ లైటు కొనేటప్పుడు నేను అడిగినవి రెండే ప్రశ్నలు: ఎన్ని ల్యూమెన్లు (వెలుగు కొలత), ఎంత లోతుకు పనికొస్తుంది. విరిగిన స్ప్రింగును చేతిలో పెట్టుకుని లెక్క వేశాను. రెండేళ్లలో అది నీళ్లలో గడిపింది మహా అయితే తొమ్మిది గంటలు. మిగతా కాలమంతా మేడమీద గదిలో, వేసవిలో 42 డిగ్రీలు దాటే తిరుపతి ఎండకు ఉడుకుతూ ఉంది. అండమాన్‌లోని హ్యావ్‌లాక్‌లోనో (ఇప్పటి పేరు స్వరాజ్ ద్వీప్) గోవాలోనో ఉంటూ వారం వారం మునిగేవారు ఇచ్చే సలహాలు మనకు అతకకపోవడానికి కారణం ఇదే. వాళ్ల సెల్లుకు తీరిక ఉండదు. మన సెల్లుకు ఏడాదంతా సెలవే.

అందుకే ఈ పోలికలో నిల్వకు పెద్దపీట వేశాను. చిత్తూరు, వేలూరు మీదుగా పుదుచ్చేరి వెళ్లి మునిగివచ్చేవారు, చెన్నైలో విమానమెక్కి అండమాన్ వెళ్లేవారు, సంక్రాంతి సెలవుల్లో విశాఖ రుషికొండ వెళ్లేవారు నా మనసులో ఉన్నారు.

## ఎంచుకునే ముందు

మొదట చూడాల్సింది సెల్లు వాడకుండా పక్కన ఉన్నప్పుడు ఏమవుతుందన్నది. చార్జి తనంతట తాను తగ్గుతుందా, లోపలి ద్రవం కారుతుందా, వేడికి బలం కోల్పోతుందా? ఈ మూడు వేరువేరు జబ్బులు. ఒక్కో రకం సెల్లుకు ఒక్కొక్కటి అంటుకుంటుంది.

రెండోది, కరెంటు గట్టిగా లాగితే తట్టుకుంటుందా అన్నది. గోడ గడియారం ఏడాదికి తాగే కరెంటును డైవింగ్ లైటు గంటలో తాగేస్తుంది. 1000 ల్యూమెన్ల లైటుకు దాదాపు 10 వాట్లు కావాలి. డబ్బా మీద రాసిన కెపాసిటీ నెమ్మదిగా వాడినప్పటి లెక్క. వేగంగా లాగితే కొన్ని సెల్లులు అందులో సగం కూడా ఇవ్వవు.

మూడోది ఆరిపోయే తీరు. దీన్ని చాలామంది పట్టించుకోరు, నీళ్లలో అసలు సంగతి మాత్రం ఇదే. ఆల్కలైన్ సెల్లు ముసలివారిలా మెల్లగా మసకబారుతుంది. పైకి వెళ్లే వ్యవధి ఉందని మీకు తెలుస్తుంది. రీచార్జి చేసే లిథియం అయాన్ సెల్లుతో నడిచే లైటులో వెలుగును స్థిరంగా ఉంచే సర్క్యూటు ఉంటే చివరిదాకా ఒకే కాంతి ఇచ్చి, సెల్లు ఖాళీ కాగానే హఠాత్తుగా పడిపోతుంది. అలాంటి లైటుకు రంగు మారే సూచిక దీపం గానీ, చివర్లో తక్కువ వెలుగుకు దిగే ఏర్పాటు గానీ లేకపోతే నేను కొనను.

దొరకడం, ధర, విమానంలో తీసుకెళ్లే నిబంధనలు ఆ తర్వాతి మాట.

| రకం | వోల్టేజి | కెపాసిటీ (ఎంఏహెచ్, అంటే మిల్లీయాంపియర్ అవర్లు, సుమారుగా) | ఏడాది పక్కన పెడితే | గట్టిగా లాగితే | మన ఊళ్లో |
|---|---|---|---|---|---|
| ఆల్కలైన్ ఏఏ (పెన్సిల్ సెల్లు) | 1.5 | 2500, నెమ్మదిగా వాడితేనే | చార్జి నిలుస్తుంది, కారే ప్రమాదం ఉంది | డీలా పడుతుంది | ప్రతి కిరాణా కొట్టులో |
| రీచార్జి ఏఏ (నికెల్) | 1.2 | 1900–2500 | రకాన్ని బట్టి | బాగుంటుంది | కెమెరా కొట్లలో |
| లిథియం ఏఏ, ఒకసారి వాడేది | 1.5 | 3000 | దాదాపు చెక్కుచెదరదు | బాగుంటుంది | అరుదు |
| సీఆర్123ఏ | 3 | 1500 | దాదాపు చెక్కుచెదరదు | బాగుంటుంది | వెతకాలి |
| 18650 లిథియం అయాన్ | 3.6 | 2500–3500 | సగం చార్జితో, చల్లగా ఉంచాలి | చాలా బాగుంటుంది | దొరుకుతుంది, నకిలీలతో సహా |
| 21700 లిథియం అయాన్ | 3.6 | 4000–5000 | పై మాటే | చాలా బాగుంటుంది | ఆన్‌లైన్‌లో |

## ఆల్కలైన్: చవక, చేరువ, చేదు

హ్యావ్‌లాక్‌లో లైటు మొరాయిస్తే చిన్న కొట్టులోనూ దొరికే సెల్లు ఇదొక్కటే. ఆ ఒక్క సుగుణం కోసం దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. 150, 200 ల్యూమెన్ల చిన్న లైటుకు సరిపోతుంది. అంతకు మించిన వెలుగు కోరితే పావుగంటకే నీరసిస్తుంది.

కారడం దీని పుట్టుగుణం. బయటికి వచ్చేది పొటాషియం హైడ్రాక్సైడ్, గాఢమైన క్షారం. అందుకే స్ప్రింగులకు పట్టిన పెచ్చును ఉత్త నీళ్లతో తోమితే పూర్తిగా పోదు. నిమ్మరసంలో గానీ వెనిగర్‌లో గానీ ముంచిన దూదితో తుడిస్తే బుసబుసమని కరుగుతుంది. తర్వాత మంచినీటి తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. పాడవుతున్న ఆల్కలైన్ సెల్లు హైడ్రోజన్ వాయువు వదులుతుంది. మామూలు టార్చిలో అది సందుల్లోంచి బయటికి పోతుంది. డైవింగ్ లైటు గాలి చొరబడని డబ్బా కాబట్టి వాయువు లోపలే చిక్కుతుంది. ఆ వాయువును పీల్చుకునే బిళ్లనో, ఒత్తిడిని బయటికి వదిలే వాల్వునో కొన్ని లైట్లలో అమరుస్తారు. మీ దానిలో ఉన్నా లేకపోయినా, చాలాకాలం మూసి ఉంచిన లైటును ముఖానికి ఎదురుగా పెట్టి విప్పకండి. నేను ఆ రోజు ఒళ్లో పెట్టుకుని విప్పాను. ఏమీ కాలేదంటే అది నా అదృష్టం.

## రీచార్జి ఏఏ: నమ్మకమైన మధ్యతరగతి

నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లుల్లో రెండు జాతులున్నాయి. పాత జాతి నెల రోజులకే చార్జిలో చెప్పుకోదగ్గ భాగం పోగొట్టుకుంటుంది. 2005లో సాన్యో సంస్థ ఎనెలూప్ పేరుతో తెచ్చినవి, ఆ తర్వాత వచ్చిన అలాంటివి, ఏడాది పక్కన పెట్టినా చార్జిలో ఎక్కువ భాగం నిలుపుకుంటాయి. డబ్బా మీద 2000 అని ఉన్న ఈ రకం సెల్లు, 2700 అని ఉన్న పాత రకంకంటే మన అవసరానికి మేలు. పెద్ద అంకె చూసి మోసపోవడానికి ఇది మొదటి అవకాశం, రెండోది ముందుంది.

1.2 వోల్టులంటే తక్కువని భయపడనక్కర్లేదు. గట్టిగా లాగినప్పుడు ఆల్కలైన్ 1.2 కిందికి త్వరగానే జారుతుంది. ఇది అక్కడే నిలబడుతుంది. అయితే కొన్ని లైట్ల తయారీదారులు ఆల్కలైనే వాడాలంటారు, వాళ్ల మాట వినాలి. సెల్లులన్నీ ఒకేసారి కొన్నవి, ఒకేసారి చార్జి చేసినవి అయి ఉండాలి. నాలుగింటిలో ఒకటి ముందుగా ఖాళీ అయితే మిగతా మూడు దాన్ని ఎదురు దిశలో నెడతాయి. ఆ సెల్లు అంతటితో చెడుతుంది.

## ఒకసారి వాడే లిథియం: బీరువాకు పుట్టినవి

ఎనర్జైజర్ అల్టిమేట్ లిథియం లాంటి ఏఏ సెల్లులు ఈ రకం. ఆల్కలైన్ 23 గ్రాములుంటే ఇది 15 గ్రాములే. నిల్వలో ఏళ్ల తరబడి చార్జి నిలుస్తుంది, వేడిని ఓర్చుకుంటుంది, కారడం చాలా అరుదు. ఖరీదు ఆల్కలైన్‌కు అనేక రెట్లు. వారం వారం మునిగేవారికి ఇది దుబారా. ఏడాదికి నాలుగు సార్లు మునిగేవారికి విరిగిన స్ప్రింగు ఖరీదు కన్నా చవక. కొత్తదానికి లోడు లేనప్పుడు వోల్టేజి 1.8 దాకా ఉంటుంది కనుక మీ లైటు ఒప్పుకుంటుందో లేదో దాని చేతిపుస్తకంలో చూడండి.

సీఆర్123ఏ కూడా ఈ కుటుంబానిదే, పొట్టి సెల్లు. లైటు అదే అడిగితే తప్ప దాని వెంట పడనక్కర్లేదు. 18650 పట్టే గొట్టంలో రెండు సీఆర్123ఏలు సరిగ్గా కూర్చుంటాయి కదా అని వేయకండి. నిండా చార్జి చేసిన 18650 ఇచ్చే 4.2 వోల్టుల కోసం కట్టిన సర్క్యూటుకు 6 వోల్టులు అందుతాయి.

## 18650, 21700: నీళ్లలో ఇవే రాజులు

పేరులోనే కొలత ఉంది. 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 పొడవు. రెండోది 21, 70. ఈ తరం డైవింగ్ లైట్లలో ఎక్కువ భాగం వీటిమీదే నడుస్తాయి.

లెక్క చూడండి. 3500 ఎంఏహెచ్ ఉన్న 18650లో 3.6 వోల్టుల చొప్పున 12.6 వాట్ అవర్లుంటాయి. 10 వాట్ల లైటు గంటకు పైగా వెలగాలి. సర్క్యూటులో పోయేది పోగా గంట అనుకోండి. రాత్రి డైవు 45 నుంచి 50 నిమిషాలు. చాలు, అయితే బొటాబొటిగా చాలు. అదే సెల్లు పాతబడి 70 శాతానికి దిగితే 8.8 వాట్ అవర్లే మిగులుతాయి, డైవు ముగిసేలోపే ఆరవచ్చు. అందుకే కెపాసిటీ 80 శాతం కిందికి వచ్చిన సెల్లును నేను నీళ్లలోకి తీసుకెళ్లను. 5000 ఎంఏహెచ్ ఉన్న 21700లో 18 వాట్ అవర్లు ఉంటాయి కాబట్టి ఆ బెంగ తక్కువ. కొత్తగా లైటు కొంటున్నవారు 21700 పట్టేదే కొనడం మంచిది.

వీటి జబ్బు వేడి. నిండా చార్జి చేసి 40 డిగ్రీల వేడిలో ఏడాది ఉంచిన లిథియం అయాన్ సెల్లు కెపాసిటీలో దాదాపు మూడో వంతు శాశ్వతంగా పోగొట్టుకుంటుంది. సగం చార్జితో చల్లటి చోట ఉంచితే పోయేది చాలా స్వల్పం. మేడమీద గది, అలిపిరి దగ్గర ఎండలో నిలిపిన కారు, వంటింటి అటక దీనికి పనికిరావు. కింది గదిలో, గాలి తగిలే గోడకు ఆనుకున్న బీరువా కింది అర మేలు. మల్టీమీటరు ఉంటే 3.7, 3.8 వోల్టుల మధ్య ఉందో లేదో మూడు నెలలకోసారి చూడండి. 2.5 కిందికి పడిపోయినదాన్ని మళ్లీ చార్జి చేయకూడదు.

కొలతల్లో రెండు ఉచ్చులున్నాయి. రక్షణ సర్క్యూటు ఉన్న 18650 నిజానికి 68 నుంచి 70 మిల్లీమీటర్ల పొడవుంటుంది. లైటు మూత పట్టకపోతే బలవంతంగా తిప్పకండి, సెల్లు నొక్కుకుపోతుంది. ఇక 14500 అనే సెల్లు అచ్చం ఏఏలా ఉంటుంది, వోల్టేజి మాత్రం 3.7. నాలుగు ఏఏలు పట్టే లైటులో ఇవి నాలుగు వేస్తే 6 వోల్టుల చోట 15 వోల్టులు దూరతాయి. లైటు ఒక్కసారి బ్రహ్మాండంగా వెలుగుతుంది.

## 9900 అనే అబద్ధం

తిరుపతిలో ఒక ఎలక్ట్రానిక్స్ కొట్టుకు వెళ్లి 18650 అడిగితే ఎర్రటి తొడుగున్న సెల్లు ఇచ్చారు. దానిమీద 9900 ఎంఏహెచ్ అని బంగారు అక్షరాలు.

"ఇది రెండు రోజులు ఆరదు స్వామీ" అన్నాడు కొట్టులో కుర్రవాడు.

"తూకం ఎక్కడైనా వేయించవచ్చా?" అన్నాను.

అతను నవ్వి, పక్కనున్న నగల కొట్టుకు తీసుకెళ్లాడు. బంగారం తూచే త్రాసులో సెల్లు పెడితే 31 గ్రాములు చూపింది. నాణ్యమైన 18650 బరువు 45 నుంచి 48 గ్రాములు. అంత చిన్న గొట్టంలో 3500, ఇంకాస్త ఎక్కువ తప్ప 9900 పట్టదు. అలాంటి సెల్లుల్లో తరచుగా 1000 ఎంఏహెచ్ కూడా ఉండదు. కుర్రవాడు నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు, పాపం.

కొనేటప్పుడు తూకం ఒక పరీక్ష. డబ్బా మీద భారత ప్రమాణాల సంస్థ గుర్తు, ఐఎస్ 16046 (బ్యాటరీల భద్రతా ప్రమాణం), ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య చూడటం రెండోది. కెపాసిటీ కొలిచే చార్జరుంటే ఇంటికి వచ్చాక అసలు రంగు బయటపడుతుంది. ఎలక్ట్రానిక్స్ కొట్లుండే చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లేవారు జేబులో చిన్న డిజిటల్ త్రాసు పెట్టుకెళ్లండి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి తీసిన సెల్లులు కొన్ని చోట్ల కొత్త తొడుగుతో వస్తాయి. బరువు సరిగ్గానే ఉంటుంది, వయసు దాస్తారు. వాటిని ఇంట్లో దీపానికి వాడుకోవచ్చేమో గాని నీటి అడుగుకు తీసుకెళ్లకండి.

## లోపలే బిగించిన బ్యాటరీ

యూఎస్‌బీ తీగతో చార్జి చేసే సీలు వేసిన లైట్లు వస్తున్నాయి. మూత విప్పే పనే లేదు కనుక నీళ్లు దూరే దారి ఒకటి మూసుకుపోయినట్టే. కొత్తగా నేర్చుకునేవారికి ఇది హాయి. చార్జింగ్ కొనలకు ఉప్పు పట్టడం, నాలుగేళ్లకు బ్యాటరీతోపాటు లైటూ చెత్తబుట్టకు పోవడం దీని మరో ముఖం. తాళం చెవి మనదగ్గర లేని ఇల్లు లాంటిది ఇది, నాకు నచ్చదు.

## సెల్లు మార్చే తీరు

లైటులోకి నీళ్లు చేరడానికి సెల్లు మార్చేటప్పటి తొందరే ఎక్కువసార్లు కారణం. 30 మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలం మీదకంటే నాలుగు రెట్లు. రబ్బరు రింగు మీద ఒక్క తలవెంట్రుక ఉంటే చాలు, ఆ ఒత్తిడికి దారి దొరుకుతుంది.

పడవలో మార్చకండి, గదిలో మార్చండి. మూసే చోటు ఏసీ గది అయితే ఇంకా మంచిది. పుదుచ్చేరి ఉక్కగాలిని లోపల బంధించి చల్లటి నీళ్లలోకి దిగితే అద్దం వెనక మంచు పడుతుంది. లైటును మంచినీళ్లలో కడిగి తుడిచి, మూత కిందికి ఉండేలా పట్టుకుని విప్పాలి. మర దగ్గర దాగిన చుక్క అప్పుడు సెల్లు మీదకు కాకుండా నేల మీదకు జారుతుంది.

రింగును పిన్నీసుతో లాగకండి, గీత పడుతుంది. రెండు వేళ్లతో నొక్కితే ఒక పక్క ఉబ్బుతుంది, అక్కడ ప్లాస్టిక్ కార్డు అంచుతో లేపాలి. వెలుతురులో పెట్టి చుట్టూ తిప్పుతూ వేలికొసతో తడమండి. ఇసుక రేణువు కంటికి కనిపించకపోయినా వేలికి తగులుతుంది. చాలా లైట్లలో ఉండే నల్లటి నైట్రైల్ రింగుకు సిలికాన్ గ్రీజు సరిపోతుంది, అదీ మెరుపు కనబడేంతే. ఎక్కువ పూస్తే దుమ్మును పిలిచినట్టు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె రాసేవారిని చూశాను. ఏసీ గదిలో అది గడ్డకడుతుంది, దుమ్మును పట్టుకుంటుంది.

మూత బిగించాక బక్కెట్ నీళ్లలో పావుగంట ఉంచి బుడగలు వస్తాయేమో చూడండి. లోతులో ఉండే ఒత్తిడిని బక్కెట్ చూపించలేదు గాని, నలిగిన రింగును పట్టిస్తుంది.

నీళ్లు దూరిన లైటు చేతికొస్తే మూత మనుషులు లేని వైపు తిప్పి, మెల్లగా, ఆగి ఆగి విప్పాలి. ఉప్పునీళ్లు తాకిన సెల్లు వాయువు పుట్టిస్తూ లోపల ఒత్తిడి పెంచి ఉండవచ్చు. ఆ సెల్లు పైకి ఎంత శుభ్రంగా కనిపించినా మళ్లీ చార్జి చేయకండి.

## విమానంలో, బస్సులో

విడి లిథియం సెల్లులు చేతిసంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు. ఒక్కో బ్యాటరీ 100 వాట్ అవర్ల లోపు అయితే ఇబ్బంది లేదు. 100 నుంచి 160 మధ్య అయితే విమానసంస్థ అనుమతి కావాలి, అవి కూడా రెండుకు మించకూడదు. 18650 లెక్క మనం వేశాం, 12.6. వీడియో లైట్ల పెద్ద ప్యాకుల దగ్గరే జాగ్రత్త: 14.4 వోల్టులు, 6.8 యాంపియర్ అవర్లు అయితే 97.9, గీత లోపలే. 7 యాంపియర్ అవర్లు అయితే 100.8, గీత దాటింది. లైటు నుంచి సెల్లు తీసి విడిగా పెట్టండి. సంచిలో పొరపాటున వెలిగిన డైవింగ్ లైటు నీళ్ల చల్లదనం లేక బట్టలను కాల్చేంత వేడెక్కుతుంది.

సెల్లులను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి. మన ఇళ్లలో ప్రయాణపు సంచి అడుగున హుండీలో వేయడానికి దాచిన చిల్లర ఎప్పుడూ ఉంటుంది. విడి 18650 ఆ నాణేల మధ్య పడితే రెండు కొనలు కలిసి నిప్పు పుడుతుంది.

## ఎవరికి ఏది

ఏడాదికి ఒకటి రెండు ప్రయాణాలు చేసేవారు ఏఏ సెల్లులతో నడిచే చిన్న లైటు కొని, ఒకసారి వాడే లిథియం సెల్లులు వేసుకోండి. తిరిగి రాగానే సెల్లులు బయటికి తీసి డబ్బాలో పెడితే మళ్లీ ఏడాదికి అవే పనికొస్తాయి. పెద్ద వెలుగు కావాలంటే డైవింగ్ కేంద్రంలో అద్దెకు దొరుకుతుంది.

నెలకోసారి పుదుచ్చేరి వెళ్లేవారికి 21700 లైటు ఒకటి, సెల్లులు రెండు, మంచి చార్జరు ఒకటి కావాలి. రాత్రి డైవుకు రెండో లైటు తప్పనిసరి, దానిలో వేరే రకం సెల్లు ఉంటే ఇంకా నయం. ఒకే చార్జరు పాడైతే రెండు లైట్లూ చీకటైపోకూడదు కదా. నా దగ్గర పెద్దది 21700, చిన్నది లిథియం ఏఏ.

నీటి అడుగున ఫొటోలు, వీడియోలు తీసేవారు తమ లైటు కంపెనీ అమ్మే బ్యాటరీ ప్యాకే వాడక తప్పదు. ఎరుపు రంగు మొదటి కొన్ని మీటర్లలోనే మాయమవుతుంది కాబట్టి పగడాల అసలు రంగు కావాలంటే వెలుగు దండిగా కావాలి. ప్యాకు తయారీ ఆగిపోయిందని తెలిసిన రోజున లైటు కూడా ఆగిపోయినట్టే కనుక, కొనేటప్పుడే రెండో ప్యాకు కొనుక్కోండి.

చిత్తూరు వైపు పల్లెల నుంచి నన్ను ఎక్కువగా అడిగేది బావుల గురించి. బావిలో పడిన మోటారును వెతకడానికి డైవింగ్ లైటు పనికొస్తుందా అని. పైనుంచి తాడు కట్టి దించడానికి ఆల్కలైన్ లైటు సైతం చాలు. మనిషి దిగే మాటకే నేను భయపడతాను. పాతకాలంలో బావిలోకి దిగేముందు వెలిగించిన లాంతరు దించేవారు, ఆరిపోతే దిగేవారు కాదు. ఆ పరీక్ష అన్ని విషవాయువులనూ పట్టదు, అయినా ప్రాణవాయువు లేదని చెప్పేది. ఎల్ఈడీ లైటు గాలి లేకపోయినా వెలుగుతూనే ఉంటుంది.

## సెల్లుకు పుట్టినతేదీ

మార్కరుతో ప్రతి సెల్లు మీద కొన్న నెల, వరుస సంఖ్య రాస్తాను. ప్రయాణానికి వారం ముందు నిండా చార్జి చేసి, చార్జరు మీద ఖాళీ చేయించి, ఎంత వచ్చిందో చిన్న పుస్తకంలో రాసి, మళ్లీ నింపుతాను. చార్జి అవుతూ చేతికి కాలేంత వేడెక్కినది, తొడుగు చిరిగినది, సొట్ట పడినది ఆ రోజే తప్పుకుంటాయి. వాటి రెండు కొనలకూ టేపు అంటించి ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇస్తాను. ఇంటి చెత్తతో కలిపితే చెత్త బండిలో నలిగి మంటలు లేస్తాయి. వేడెక్కకుండా, సొట్ట పడకుండా కేవలం బలం తగ్గినవి మరో రెండేళ్లు ఇంట్లో పనిచేస్తాయి. మూడో నంబరు సెల్లు పోయినసారి 78 శాతం చూపింది. ఇప్పుడది కరెంటు పోయినప్పుడు మా అమ్మ వంటింట్లో వెలిగించే టార్చిలో ఉంది.